మధ్య పేరు మర్యాద

పోయిన సామాన్ల గది, బస్టాండు
ఫిబ్రవరి 6

వదినగారికి,

మీరు కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. మీ అన్నయ్యగారికి మోకాలి నొప్పి తగ్గింది, నోరు పెరిగింది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ బస్సు నడిపారు, రిటైరయ్యాక నన్ను నడుపుదామని చూస్తున్నారు. నేను కదలడం లేదు.

సంగతేమిటంటే, మీ అల్లుడు నిన్న ఫోను చేసి తీర్పు చెప్పాడు. పాప పేరు ఆఫీసులో రాయించాలిట. దానికి మూడు గళ్ళున్నాయిట. మొదటి గడిలో పాప పేరు. అది వాళ్ళిద్దరూ పెట్టేసుకున్నారు, మనల్ని అడగలేదు, సరే. చివరి గడిలో ఇంటిపేరు, అది మాదే వస్తుంది, దాన్నెవరూ ఏం చెయ్యలేరు. మిగిలింది మధ్య గడి. "అమ్మమ్మ పేరో నానమ్మ పేరో మీరే తేల్చండి. అసలు మధ్య పేరు వద్దనుకుంటే అదీ చెప్పండి. కానీ ఉత్తరాల్లో తేల్చుకోండి" అన్నాడు. ఉత్తరాలెందుకురా ఈ రోజుల్లో అంటే, "ఫోనులో అయితే మీ ఇష్టం అంటే మీ ఇష్టం అనుకుంటూ ఇద్దరూ గంట గడిపేసి, చివరికి వర్షం పడిందా అని అడిగి పెట్టేస్తారు" అన్నాడు. వాడు పుట్టినప్పుడు ఇంత తెలివైనవాడు కాడు. మీ అమ్మాయి సావాసం.

నా ఉద్దేశం అడిగితే మధ్య పేరు ఉండాల్సిందే, అది మీదే అయ్యుండాలి. ఇంటిపేరు మాది వస్తున్నప్పుడు మధ్యలో మీది ఉండడం న్యాయం కదా. పైగా ఎంత చక్కటి పేరండీ మీది! నిండుగా ఉంటుంది. నాదేముంది, ఊరికే పిలుచుకోడానికి పెట్టింది.

నిన్న ఇక్కడికి ఒకాయన వచ్చి గొడుగు పోయిందన్నాడు. గది నిండా నల్ల గొడుగులే. "మీదెలా ఉంటుందండీ?" అంటే, చాలాసేపు ఆలోచించి, "నల్లగా ఉంటుంది" అన్నాడు. మా బతుకు ఇదీ. జవాబు రాయండి.

ఇట్లు,
మీ అల్లుడి తల్లి

*

లాండ్రీ పైగది
ఫిబ్రవరి 12

వదినగారికి నమస్కారాలు.

ఉత్తరం అందింది. కవరు మీద "లాండ్రీ పైన, కుట్టుపని ఆవిడకి" అని రాసినా నేరుగా నా దగ్గరికే వచ్చేసింది. పోస్టాయన కూడా తన ప్యాంటు పొట్టి చేయించుకున్నది నా దగ్గరే.

మీ పెద్ద మనసుకి ఏమనాలో తెలియడం లేదు. కానీ అబ్బే, నా పేరు వద్దండీ. మధ్య పేరంటూ పెడితే మీదే పెట్టాలి. మీ పేరు ముందు నా పేరెంత? మనవరాలు మీ ఇంటి పిల్ల. నేను మధ్యలో దూరితే చూసేవాళ్ళు ఏమనుకుంటారు?

అయినా నా పేరు ఇప్పుడెవరికి కావాలి? కింద లాండ్రీ అతను "పైన ప్యాంట్లావిడ ఉన్నారు, ఆవిడకివ్వండి" అని పంపిస్తాడు. అమ్మాయి అమ్మా అంటుంది. అల్లుడుగారు అత్తయ్యగారూ అంటారు. మీరు వదినగారూ అంటారు. ఎదురు గదిలో పళ్ళ డాక్టరు "ఏవండీ" అంటాడు, ఆయన అందరినీ అలాగే అంటాడు, పన్ను పీకేటప్పుడు కూడా. అమ్మాయి నాన్న ఒక్కరే వీధి మలుపు నించే నన్ను పేరు పెట్టి కేకేసేవారు. ఆయన పోయిన దగ్గర్నించి ఆ పేరు ఎవరి నోటా విన్లేదు. అలాంటి పేరు పసిపిల్లకెందుకు చెప్పండి.

మరీ మీరు పట్టుబడితే అది వేరే సంగతి. పెద్దవారు, మీ మాట కాదనేదాన్ని కాను. కానీ పట్టుబట్టకండి.

పాపకి రెండు గౌన్లు కుట్టి పంపాను. చేతులు పొడుగ్గా పెట్టాను, పెరిగేకొద్దీ మడత విప్పుకోవచ్చు. అన్నయ్యగారిని అడిగానని చెప్పండి.

ఇట్లు,
మీ కోడలి తల్లి

*

పోయిన సామాన్ల గది
ఫిబ్రవరి 19

వదినగారికి,

మీరింత గట్టిగా వద్దంటారనుకోలేదు. రెండుసార్లు చదివాను. మీ అన్నయ్యగారికి వినిపించాను. ఆయన పేపరు దించకుండానే, "మధ్య పేరుతో ఏం పని? నాకు లేదు, నేను బస్సు నడపలేదా?" అన్నారు. పేజీ తిప్పి, "అంతగా పెట్టాలంటే మా అమ్మ పేరు పెట్టండి" అన్నారు. వదినగారూ, ఆ మహాతల్లి నన్ను పెళ్ళైన ఏడాదంతా గరిటె పట్టుకోవడం రాదని ఏడిపించింది. ఆ పేరు పెట్టి నా మనవరాలిని పిలవమంటారా? నోటికి వచ్చింది చెప్పి వంటింట్లోకి పోయాను.

మీ విషయానికొస్తే, ఒక్క మాట అడుగుతాను, తప్పుగా అనుకోకండి. మా ఇంటిపేరు పక్కన నిలబడడానికి మీ పేరుకి మనసొప్పడం లేదా? చూసేవాళ్ళు ఏమనుకుంటారు అని రాశారు. ఏమనుకుంటారండీ? మా వాళ్ళం అంత తీసిపోయామా? నేను ఇక్కడ ఆఫీసులో అందరికీ చెప్పేసుకున్నాను, "నానమ్మ హక్కు నాది, అయినా వదులుకుంటున్నాను" అని. టిక్కెట్ల కౌంటరు అమ్మాయి "మీలాంటి అత్తగారు ఎక్కడుంటారండీ" అని కళ్ళు తుడుచుకుంది. ఇప్పుడు దానికి నేనేం చెప్పను?

ఇంకోసారి చెప్తున్నాను, మీ పేరే పెట్టాలి. ఇంతకన్నా బతిమాలడం నాకు చేతకాదు.

గౌన్లు అందాయని కోడలు చెప్పింది. చాలా పొడుగయ్యాయిట, పాప చేతులు ఎక్కడున్నాయో వెతుక్కోవాల్సి వస్తోందిట.

ఇట్లు,
మీ అల్లుడి తల్లి

*

లాండ్రీ పైగది
ఫిబ్రవరి 25

వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి నిలువునా నీరైపోయాను. మీ ఇంటిపేరు పక్కన నిలబడడం నాకు నామోషీయా? ఎంత మాటన్నారు! పిల్లనే మీ ఇంటికి పంపినదాన్ని, పేరు పంపడానికి వెనకాడతానా?

నా మనసులో ఏమీ లేదని రుజువు చెయ్యడానికి ఒకే దారి కనిపించింది. నిన్ననే అమ్మాయికి రాసేశాను, మధ్యలో మీ అత్తగారి పేరే పెట్టండి, ఇది నా మాట అని. ఇక మీరు కాదనకూడదు. ఇప్పటికైనా నా మీద అనుమానం పోయిందనుకుంటాను.

ఈ వారం పని ఎక్కువ. ఒక పెద్దమనిషి కోటు తెచ్చాడు, నడుం దగ్గర వదులు చెయ్యాలిట. "ఎంత వదులు చెయ్యమంటారు?" అంటే "మీ ఇష్టం" అన్నాడు. నా ఇష్టప్రకారం చేశాను. వేసుకు చూసుకుని మొహం మాడ్చుకున్నాడు. కావల్సిందేదో నోరు విప్పి చెప్పి చావచ్చు కదా ఈ మనుషులు.

పాప చేతుల సంగతి అమ్మాయి నాతో అనలేదు.

ఇట్లు,
మీ కోడలి తల్లి

*

పోయిన సామాన్ల గది
మార్చి 3

వదినగారికి,

భలే పని చేశారు! మీరు మీ అమ్మాయికి నా పేరని రాశారు. నేను నా కొడుక్కి మీ పేరని రాశాను. అవును, నేనూ రాసేశాను, మీ ఉత్తరం అందకముందే. "మీ అత్తగారి పేరే పెట్టాలి, ఇంకో మాట మాట్లాడితే మీ ఇంటి గడప తొక్కను" అని కూడా రాశాను. ఇప్పుడు ఆ ఇద్దరూ రెండు ఉత్తరాలు ముందు పెట్టుకుని మొహమొహాలు చూసుకుంటూ ఉంటారు.

నేను మాత్రం మాట వెనక్కి తీసుకోను. బస్టాండంతా తెలిసిపోయింది. మీరు తీసుకోండి, మీకు సులువు. అమ్మాయికి ఒక్క ఫోను కొట్టి "సరే, నా పేరే కానియ్యండి" అంటే అయిపోతుంది. అందులో సిగ్గేముంది?

ఎవరో బస్సులో కట్టుడు పళ్ళు మర్చిపోయారు. నిన్నట్నించి మేజా మీద నన్ను చూసి నవ్వుతున్నాయి. మీ ఎదురు గదిలో డాక్టరుగారికేమైనా పనికొస్తాయేమో కనుక్కోండి.

ఇట్లు,
మీ అల్లుడి తల్లి

*

లాండ్రీ పైగది
మార్చి 14

వదినగారికి,

అమ్మాయి నిన్న ఫోను చేసింది. పేరు రాయించేశారు. మధ్య గడి ఖాళీ.

నేను మీరు చెప్పినట్టే చేశాను. సిగ్గు చంపుకుని అమ్మాయికి ఫోను చేసి, "నా పేరే కానియ్యండే" అన్నాను. "నాకు ముందే తెలుసమ్మా, నువ్వు వద్దన్నప్పుడే అర్థమైంది, ఆయనతో కూడా చెప్పేశాను" అంది. నా కూతురు కదా. ఆ పూటంతా కుట్టిన ప్రతి కుట్టూ వంకర పోయింది, అయినా నవ్వొచ్చింది. ఆ తరవాత ఇద్దరూ ఆఫీసుకి వెళ్ళారు. కౌంటరు దగ్గరికి మీ అబ్బాయి వెళ్ళారు. తిరిగొచ్చి, "మధ్య పేరు ఇక్కడ కుదరదట" అన్నారట. ఎందుకు కుదరదో చెప్పలేదట. వాళ్ళ ముందున్నావిడ తన పిల్లాడికి రెండు మధ్య పేర్లు రాయించుకుని వెళ్ళిందట. అది మా అమ్మాయి కళ్ళారా చూసింది.

నేను పెద్దగా చదువుకోలేదు గానీ, కొలతలు తెలిసినదాన్ని. ఎక్కడ తగ్గిందో నాకు తెలుస్తుంది. మీరు పైకి నాకు అంత తియ్యగా రాసి, లోపల మీ అబ్బాయికి ఇంకోలా చెప్పారన్నమాట. నానమ్మ హక్కు వదులుకున్నానని ఊరంతా పేరు తెచ్చుకున్నారు, హక్కు మాత్రం ఎవరికీ దక్కకుండా చూసుకున్నారు.

ఎలాగూ ఇంత దూరం వచ్చింది కాబట్టి చెప్పేస్తున్నాను. నాకు కావాలనే ఉంది. మొదటి ఉత్తరం చదివినప్పట్నించీ కావాలనే ఉంది. మీరు ఇంకొక్కసారి అడుగుతారు, అప్పుడు సరేనందామని కూర్చున్నాను. నాకోసం ఎవరూ ఆ పేరు పిలవక్కర్లేదు. రేపు పిల్ల బళ్ళో చేరాక, హాజరు పిలిచేటప్పుడు ఎవరో ఒక పంతులమ్మ పొడుగ్గా మొత్తం పేరు చదువుతుంది కదా, అందులో నా పేరు ఒకసారి గాలిలోకి వస్తుంది కదా అనుకున్నాను. అంతే నా ఆశ. దానికి కూడా మీరు అడ్డం పడ్డారు.

ఇక ఉత్తరాలు రాయకండి.

మీ కోడలి తల్లి

*

పోయిన సామాన్ల గది
మార్చి 17

మీ ఉత్తరం అందింది. జవాబు రాయను.

మీ అల్లుడి తల్లి

*

పోయిన సామాన్ల గది
మార్చి 23

వదినగారికి,

రాయనన్నాను. రాస్తున్నాను. చింపెయ్యకుండా చివరిదాకా చదవండి.

నా జన్మలో నన్నెవరూ అబద్ధాలకోరు అనలేదు. ఒళ్ళు మండిపోయింది. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి పిల్లల దగ్గరికి వెళ్ళాను. కోడలు పాపని పడుకోబెట్టి తనూ కునుకు తీస్తోంది. మీ అల్లుణ్ణి వంటింట్లోకి లాక్కెళ్ళి తలుపేసి అడిగాను. కుళాయి విప్పాడు, కట్టాడు, గిన్నెలు సర్దాడు, నీళ్ళు నమిలాడు. చెవి పట్టుకున్నాక చెప్పాడు.

కౌంటరు దగ్గర గుమాస్తా అడిగాడట, మధ్య పేరుందా అని. వీడు ఉందన్నాడట. "మా అత్తగారి పేరు రాయండి" అన్నాడట. ఆయన పెన్ను పట్టుకుని, "చెప్పండి" అన్నాడట.

వాడికి తెలియదు వదినగారూ.

వెనక పెద్ద వరస. మీ అమ్మాయి చివరి బల్ల మీద పాపకి పాలు పడుతోంది. అక్కణ్ణించి "ఏమోయ్, మీ అమ్మ పేరేంటి?" అని కేకెయ్యడానికి వాడికి మొహం చెల్లలేదు. పెళ్ళై రెండేళ్ళైంది. మీరు వండింది తిన్నాడు, మీరు కుట్టిన చొక్కాలు వేసుకున్నాడు. "మధ్య పేరేమీ లేదు లెండి" అని చెప్పి వచ్చేశాడట. మీ అమ్మాయికి మాత్రం చెప్పొద్దని నా కాళ్ళు పట్టుకున్నాడు.

వాణ్ణి ఉతికి ఆరేశాను. "సిగ్గు లేదట్రా, కన్నతల్లి తరవాత తల్లి, ఆవిడ పేరు తెలియదా?" అన్నాను. అంతా విని, వెధవ, "నీకు తెలుసా అమ్మా?" అన్నాడు.

"తెలియకేం!" అన్నాను.

"చెప్పు మరి" అన్నాడు.

"పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవమని నేర్పానా నీకు!" అని గద్దించి బయటికొచ్చేశాను.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా ఆలోచించాను. పెళ్ళి చూపుల్లో మిమ్మల్ని "అమ్మాయి వాళ్ళ అమ్మగారు" అని చూపించారు. ఆ తరవాత వదినగారు. నా ఫోనులో మీరు "కోడలి అమ్మ". ఇంటికొచ్చి మీ అన్నయ్యగారిని అడిగితే, "వియ్యపురాలుగారు కదా, ఇంకో పేరు కూడా ఉందా?" అన్నారు. పెళ్ళికార్డు వెతికి తీశాను. అందులో "కీర్తిశేషులు" అని పెట్టి మీ వారి పేరుంది. పోయినాయన పేరు వేశారు, దగ్గరుండి పెళ్ళి చేసిన మీ పేరు వెయ్యలేదు. ఆ కార్డు అచ్చుకి ముందు మేం చూశాం. బావుందన్నాం.

చక్కటి పేరు, నిండైన పేరు అని రాసినదాన్ని నేనే. నాకు తల కొట్టేసినట్టుంది. ఊరి వాళ్ళందరి గొడుగులూ ఎవరివో కనుక్కుని ఇచ్చే ఉద్యోగం నాది. కోడల్ని అడగొచ్చు, కానీ దాన్ని అడిగి తెలుసుకుని మీకు తెలిసినట్టు రాయడం కన్నా మిమ్మల్నే అడగడం నయం అనిపించింది.

పాప మొదటి పుట్టినరోజు లోపల ఎప్పుడైనా మధ్య పేరు చేర్చుకోవచ్చని ఆ ఆఫీసులో కనుక్కున్నాను. నేనే వెళ్ళి రాయిస్తాను. మీ పేరేంటి వదినగారూ?

మీ అల్లుడి తల్లి

*

లాండ్రీ పైగది
మార్చి 29

వదినగారికి,

మీ ఉత్తరం వచ్చేసరికి నోట్లో గుండుసూదులున్నాయి. అందుకని అరవలేకపోయాను. సూదులు తీసి పెట్టుకునేసరికి కోపం తగ్గి నవ్వొచ్చింది. కాసేపటికి అదీ పోయింది. కింద ఇస్త్రీ పెట్టె ఆవిరి శబ్దం వింటూ ఈ కాగితం ముందేసుకున్నాను.

ముందుగా మిమ్మల్ని అన్న మాటలకి క్షమించండి. లోపల ఒకటి పైకి ఒకటి పెట్టుకున్నది నేనే. అల్లుడుగారిని ఇంకేమీ అనకండి. అమ్మాయికి నేనూ చెప్పను. దానికి తెలిస్తే అతని బతుకు కుక్కలు చింపిన విస్తరి అవుతుంది.

ఇక రెండో సంగతి. చివరి ముక్క చదివాక, మీ పేరు ముందు నా పేరెంత అని నేను రాసింది గుర్తొచ్చింది. వదినగారూ, నాకూ మీ పేరు తెలియదు. నా ఫోనులో మీరు "అబ్బాయి అమ్మ". పోయిన సామాన్ల గది అని రాసి తపాలా బిళ్ళ అంటిస్తే చేరిపోతోంది కదా అని నేనూ ఎప్పుడూ అడగలేదు. తెలియని పేరు ఒకటి మీరు, తెలియని పేరు ఒకటి నేను, రెండు నెలలు పసిపిల్ల నెత్తిన పెట్టాలని కొట్టుకు చచ్చాం. అది తప్పించుకుంది.

దాని పేరు మార్పించకండి. ఆ ఆఫీసుకి వెళ్ళకండి. దాని పేరు దానికి చాలు. నా పేరు మొయ్యడానికి నేనింకా ఉన్నాను కదా. ఎప్పుడో ఒక పంతులమ్మ హాజరులో చదవాలని ఎందుకు కాచుక్కూర్చోవాలి? ఇంతమంది ఉన్నారు చుట్టూ. ఒక్కరికి చెప్పినా సరిపోయేది. ఎవరూ అడగలేదని ఉడుక్కున్నానే గానీ, నేనూ ఎవరికీ చెప్పలేదు.

మీరడిగారు. కానీ ఉత్తరంలో రాయను. రాస్తే మీరు చదువుకుంటారు, అంతే. నాకు వినాలని ఉంది. వచ్చే ఆదివారం దుకాణం మూసి వస్తున్నాను. తలుపు కొడితే మీరు లోపల్నించి "ఎవరూ?" అంటారు. ఇన్నేళ్ళూ ఎవరింటి తలుపు కొట్టినా "నేనే" అన్నాను. ఈసారి పేరు చెప్తాను. మీరు మీ పేరు చెప్పి తలుపు తియ్యండి. అన్నయ్యగారిని కూడా పేపరు దించి వినమనండి.

తలుపు తీశాక "రండి వదినగారూ" అన్నారో, గుమ్మంలోంచే వెనక్కి బస్సెక్కుతాను.

ఇట్లు,
వచ్చాక చెప్తాను